మూడు రోజుల మాంసం: ఉష్ణదేశాల ముస్లింలు ఆహారాన్ని కాపాడుకున్న చరిత్ర

చరిత్ర గ్రంథాలలో రాజ్యాలకు, యుద్ధాలకు, వంశావళులకు దక్కిన చోటు వంటింటికి దక్కలేదు. ఆ రాజ్యాలలోని ప్రజలు ఎండాకాలంలో మాంసాన్ని, పాలను, పండ్లను, ధాన్యాన్ని ఎలా కాపాడుకున్నారో తెలుసుకోవాలంటే హదీసు సంకలనాలలో, ఫిఖ్‌హ్ గ్రంథాలలో, యాత్రికుల రాతలలో, వంటల పుస్తకాలలో అక్కడక్కడా చెదరి ఉన్న సమాచారాన్ని ఏరి కూర్చుకోవాలి. ఇస్లాం అవతరించిన నేల, తొలి శతాబ్దాలలో అది విస్తరించిన నేలలు చాలావరకు ఉష్ణదేశాలు. హిజాజ్, ఇరాఖ్, ఈజిప్టు, దక్షిణ ఇరాన్, సింధ్ ప్రాంతాలలో వేసవిలో కోసిన మాంసం మరునాటికి నిలవదు. పిండిన పాలు పూట దాటితే విరిగిపోతాయి. విద్యుత్తు లేదు, శీతల గిడ్డంగులు లేవు. అయినా లక్షల జనాభా గల నగరాలు బతికాయి, నెలల తరబడి సాగే హజ్ యాత్రలు జరిగాయి, ఎడారులను దాటి వర్తక బిడారులు నడిచాయి.

ఈ చరిత్రను పరిశీలించేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఆహారాన్ని ఎలా నిలవ చేశారన్నది మొదటిది. ఎవరికోసం నిలవ చేశారన్నది రెండవది. మొదటిది విద్యకు, రెండవది ధర్మానికి సంబంధించినవి. ముస్లిం సమాజాలలో ఈ రెండు ప్రశ్నలూ మొదటి నుంచీ కలిసే నడిచాయి. దీనికి తొలి సాక్ష్యం మదీనాలోని ఒక బక్రీద్ పండుగ.

మదీనాలో ఒక సంవత్సరం

ఒక ఏడాది ఈదుల్ అజ్‌హా రోజులలో ఎడారి పల్లెల నుంచి పేద కుటుంబాలు గుంపుగా మదీనాకు వచ్చాయి. ఆ సంవత్సరం ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి ఇంట్లో ఉంచుకోవద్దని, మిగిలినది దానం చేయమని దైవప్రవక్త (స) ఆదేశించారు. మరుసటి ఏడాది ప్రజలు ఈ విషయాన్ని మళ్ళీ ప్రస్తావించారు. తాము ఖుర్బానీ పశువుల తోళ్ళతో నీటి తిత్తులు కుట్టుకుంటామని, కొవ్వు కరిగించి దాచుకుంటామని విన్నవించుకున్నారు. తాను నిరుడు వారించింది ఆ వచ్చిన పేదలను దృష్టిలో పెట్టుకునేనని, ఇక తినవచ్చు, దాచుకోవచ్చు, దానం చేయవచ్చు అని దైవప్రవక్త (స) వివరించారు. హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన ఈ ఉదంతం హదీసు సంకలనాలలో ప్రసిద్ధమైనది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మూడు రోజుల తర్వాత మాంసం చెడిపోతుంది కాబట్టి వద్దన్నారని ఎవరైనా అనుకోవచ్చు. కాని కారణం అది కాదు. మదీనా వాసులకు మాంసాన్ని నిలవ చేసే విద్య బాగా తెలుసు. పశువు కాలి భాగాన్ని దాచి ఉంచి పదిహేను రోజుల తర్వాత కూడా తినేవారమని అదే ఆయిషా (రజి) చెప్పినట్లు బుఖారీ సంకలనంలో ఉంది. నిలవ చేయడం తెలిసిన వారు గనుకనే ఆ ఆదేశం అవసరమైంది. తెలియని వారైతే మూడు రోజులలో ఎలాగూ పంచిపెట్టేసేవారు. గుమ్మం ముందు ఆకలిగొన్నవారు నిలబడి ఉన్నప్పుడు దాచుకునే నేర్పుకు ఒక హద్దు ఏర్పడింది. ఆ అవసరం తీరగానే హద్దు తొలగింది. ఈ చరిత్ర మొత్తానికి ఈ ఉదంతం ఒక తాళపుచెవి వంటిది.

ఎండే ఆయుధం

ఆహారాన్ని పాడుచేసేవి కంటికి కనిపించని సూక్ష్మజీవులని, వాటికి తేమ, వెచ్చదనం రెండూ కావాలని ఈనాడు మనకు తెలుసు. వేడిని తొలగించలేని దేశాలలో మనిషి తేమను తొలగించాడు. పాడుచేసే ఎండనే పనిముట్టుగా మార్చుకున్నాడు. మాంసాన్ని పొడవాటి పేలికలుగా కోసి, ఉప్పు పట్టించి, ఎండలో ఆరవేస్తే అరబ్బులు దానిని ఖదీద్ అన్నారు. ఉప్పు మాంసంలోని నీటిని బయటికి లాగుతుంది, ఎండ దానిని ఆవిరి చేస్తుంది. పొడి గాలి వీచే హిజాజ్‌లో ఈ పని త్వరగా జరిగేది. ఒక దర్జీ దైవప్రవక్త (స)ను విందుకు పిలిచి సొరకాయ, ఖదీద్ వేసి కాచిన పులుసు వడ్డించాడని అనస్ (రజి) ఉల్లేఖించారు. తనను చూసి భయంతో వణికిన ఒక వ్యక్తితో, తాను ఖదీద్ తిని బతికిన ఒక ఖురైషీ స్త్రీ కొడుకునని దైవప్రవక్త (స) అన్నట్లు మరొక ఉల్లేఖనం ఉంది. అంటే అది రాజుల ఆహారం కాదు, సామాన్యుల ఆహారం. బక్రీద్ తర్వాత మన ఇళ్ళలో మాంసానికి ఉప్పు, పసుపు పట్టించి దండేలపై ఆరవేయడం, ఆ వరుగులను తర్వాత పులుసులో వేసుకోవడం ఆ కుటుంబానికి చెందిన ఆచారమే.

ఖర్జూరం సంగతి వేరే చెప్పనక్కరలేదు. చెట్టు మీదనే సగం ఎండి, తనలోని చక్కెర బలంతో ఏడాది పొడవునా నిలిచే పండు అది. చక్కెర ఎక్కువగా ఉన్నచోట సూక్ష్మజీవులకు అందే నీరు మిగలదు. తేనెలో, పాకంలో పండ్లను నిలవ చేసే మురబ్బాలకు కూడా ఇదే సూత్రం.

మూడవది సవీఖ్. బార్లీని గాని గోధుమను గాని వేయించి విసిరిన పిండి ఇది. మన పేలపిండి, సత్తుపిండి వంటిదే. వేయించడం వల్ల తేమ పోతుంది, పురుగు గుడ్లు నశిస్తాయి. నీళ్ళు కలుపుకుంటే చాలు, పొయ్యి అవసరం లేదు. హి.శ. 2లో అబూ సుఫ్యాన్ మనుషులు తిరుగుముఖం పట్టినప్పుడు బరువు తగ్గించుకోవడానికి సవీఖ్ సంచులను దారిలో పారవేసినందున ఆ దండయాత్రకే సవీఖ్ అన్న పేరు వచ్చింది. తర్వాతి కాలంలో హజ్రత్ ఉమర్ (రజి) పిండి గృహం పేరుతో ఒక కోఠీ ఏర్పాటు చేశారు. అందులో పిండి, సవీఖ్, ఖర్జూరం, ఎండుద్రాక్ష ఉంచేవారు. దారిలో చిక్కుకుపోయిన బాటసారులకు, అతిథులకు వాటిని ఇచ్చేవారని ఇబ్ను సాద్ రాశారు. ఆ జాబితాను చూడండి. అందులో ఉన్నవన్నీ నెలల తరబడి చెడిపోని వస్తువులే. ఒక ఇల్లాలికి తెలిసిన విద్యను ఖలీఫా ప్రజల ఆపద తీర్చడానికి వినియోగించారు.

పానీయం, పాత్ర, పులుపు

వేడి దేశంలో నీటిలో నానవేసిన పండు త్వరగా పులుస్తుంది. మదీనాలో ఖర్జూరాన్ని లేదా ఎండుద్రాక్షను నీటిలో నానబెట్టి ఆ తీపి నీటిని తాగేవారు. దీనిని నబీజ్ అనేవారు. ఉదయం నానబెట్టింది రాత్రికి, రాత్రి నానబెట్టింది ఉదయానికి తాగేవారు. మూడవ రోజు సాయంత్రం దాటితే మిగిలినదానిని ఇతరులకు ఇచ్చేవారు లేదా పారబోయించేవారు అని ఇబ్ను అబ్బాస్ (రజి) తెలిపారు. ఇక్కడ మూడు రోజుల హద్దుకు కారణం పానీయం మత్తు పదార్థంగా మారే ప్రమాదం.

పాత్రల విషయంలో కూడా తొలి దినాలలో ఒక ఆంక్ష ఉండేది. సొరబుర్రలు, మెరుగుపూత పూసిన జాడీలు, కీలు పూసిన పాత్రలు, తొలిచిన ఖర్జూరపు మొద్దులు నబీజ్ కోసం వాడవద్దని అబ్దుల్ ఖైస్ ప్రతినిధి వర్గానికి చెప్పారు. అవన్నీ గాలి ఆడని పాత్రలు. వాటిలో పానీయం పులియడం త్వరగా జరుగుతుంది, బయటికి తెలియదు. తోలు తిత్తులలో అలా కాదు. పులిస్తే తిత్తి ఉబ్బి తెలిసిపోతుంది. జనం అలవాటు పడిన తర్వాత ఈ ఆంక్షను ఎత్తివేసి, మత్తు కలిగించేది తాగకూడదన్న మూల నియమాన్ని మాత్రం నిలిపారు. బురైదా (రజి) ఉల్లేఖించిన హదీసులో ఖుర్బానీ మాంసాన్ని దాచుకునే అనుమతి, పాత్రల అనుమతి రెండూ ఒకేచోట వస్తాయి. సమాధులను సందర్శించే అనుమతి కూడా ఆ హదీసులోనే ఉంది.

పులియడం అక్కడితో ఆగక ఇంకా ముందుకు పోతే సిర్కా అవుతుంది. కూరలలో సిర్కా చాలా మంచిదని దైవప్రవక్త (స) మెచ్చుకున్నారు. ద్రాక్షసారా తనంతట తాను సిర్కాగా మారితే అది ధర్మసమ్మతమని ధర్మశాస్త్రవేత్తలు ఏకాభిప్రాయానికి వచ్చారు. మనిషి ఏదైనా కలిపి మార్చినప్పుడు మాత్రం హనఫీలు అనుమతించగా షాఫయీలు అంగీకరించలేదు. ఈ చర్చ మన కంటికి సూక్ష్మంగా కనిపించవచ్చు. కాని మంచు దొరకని దేశంలో మాంసాన్ని, కూరగాయలను కాపాడే ముఖ్యమైన ద్రవం సిర్కాయే. అబ్బాసీ యుగపు బగ్దాదులో సిర్కాతో వండే సిక్బాజ్ అన్న మాంసపు కూరకు గొప్ప పేరుండేది. 10వ శతాబ్దికి చెందిన ఇబ్ను సయ్యార్ అల్ వర్రాఖ్, 1226లో గ్రంథం రాసిన అల్ బగ్దాదీ తమ వంటల పుస్తకాలలో ఈ కూరను, ఊరవేసిన కాయగూరలను, ఉప్పు చేపలను వివరించారు. 14వ శతాబ్దపు ఈజిప్టులో వెలువడిన కన్‌జుల్ ఫవాయిద్ అన్న వంటల గ్రంథంలో కాలం కాని కాలానికి పండ్లను దాచుకోవడంపై ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. ఆవకాయ జాడీ ఉన్న తెలుగు ఇంటికి ఈ విద్యను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు.

మట్టి కుండ చెప్పే శాస్త్రం

తేమను తీసివేయడం ఒక మార్గమైతే, తేమతోనే వేడిని తీసివేయడం రెండవ మార్గం. మెరుగుపూత లేని మట్టి కుండకు కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. నీరు వాటిగుండా బయటికి చెమర్చి ఆవిరవుతుంది. ఆవిరయ్యే నీటికి వేడి కావాలి. ఆ వేడిని అది కుండ నుంచే లాక్కుంటుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలోకాలరీల వేడి పడుతుంది. లెక్క ప్రకారం ఆ వేడిని తీసివేస్తే 58 లీటర్ల నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గుతుంది. ఆచరణలో అంత ఫలితం రాకపోయినా, కుండ నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయో దీనివల్ల అర్థమవుతుంది.

ఈజిప్టులోని పెద్ద జాడీని జీర్ అని, చేతికూజాను ఖుల్లా అని అంటారు. పాత కైరో నగరమైన ఫుస్తాత్‌లో దొరికిన మట్టి కూజాల మెడలలో పురుగులు పడకుండా చిల్లుల జల్లెడలు ఉండేవి. ఆ చిన్న జల్లెడలపై పక్షులు, మృగాలు, అక్షరాలు, లతలు చెక్కారు. బజారులో చవకగా దొరికే కూజా లోపలి భాగాన్ని కూడా కుమ్మరి అందంగా మలిచాడు. కైరోలోని సబీల్‌లు, అంటే వక్ఫ్ ఆదాయంతో నడిచే చలివేంద్రాలు, నేల కింద కట్టిన పెద్ద తొట్లలో నైలు నీటిని నిలవ చేసేవి. పలువురు దాతలు తమ సబీల్‌లలో వంపుగా అమర్చిన చలువరాతి పలకపై నీటిని పలుచగా జారవిడిచే ఏర్పాటు చేశారు. గాలి తగిలి ఆ నీరు మరింత చల్లబడేది. 1744లో అబ్దుర్రహ్మాన్ కత్‌ఖుదా కట్టించిన సబీల్ నేటికీ పాత కైరో వీథిలో నిలిచి ఉంది. పైఅంతస్తులో పిల్లల ఖుర్ఆన్ పాఠశాల, కింద దాహం తీర్చే కిటికీలు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. గాలి పొడిగా ఉన్నచోటనే నీరు త్వరగా ఆవిరవుతుంది. అందువల్ల తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల ఎండలో కుండ నీళ్ళు చల్లబడినంతగా కోస్తా జిల్లాల ఉక్కపోతలో చల్లబడవు. పూర్వులు ఈ తేడాను ఎరిగి, పొడి దేశంలో ఆవిరిని, తడి దేశంలో ఉప్పును, పులుపును ఎక్కువగా ఆశ్రయించారు.

కంకులలో ధాన్యం

కూరగాయలు, మాంసం పోయినా మనిషి బతుకుతాడు. ధాన్యం పోతే బతకలేడు. దివ్య ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాలో ధాన్యపు నిలవ గురించి వచ్చే ప్రస్తావన అందరికీ తెలిసినదే. ఏడేళ్ళు వరుసగా సాగు చేసి, తినడానికి కావలసిన కొద్దిపాటిని మినహాయించి కోసిన పంటను కంకులలోనే వదిలివేయమని హజ్రత్ యూసుఫ్ (అలై) సలహా ఇచ్చారు. నూర్చని ధాన్యానికి పొట్టు రక్షణగా ఉంటుంది. పురుగు, తేమ సులభంగా గింజను చేరలేవు. అలా దాచిన పంటను కరువు ఏళ్ళలో కొలిచి పంచిపెట్టారు. దూరదేశం నుంచి వచ్చిన సొంత సోదరులకు కూడా ఆ కొలతే అందింది.

మగ్రిబ్‌లోను, అందలూసియాలోను ధాన్యాన్ని మత్‌మూరా అనే భూగర్భ గోతులలో దాచేవారు. నోరు గట్టిగా మూసిన గోతిలో ధాన్యమే శ్వాసించి ప్రాణవాయువును హరిస్తుంది, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది, పురుగులు ఊపిరాడక చస్తాయి. మన పల్లెలలో ధాన్యం దాచిన పాతరలు కూడా ఇదే సూత్రంపై పనిచేసినవి. 12వ శతాబ్ది చివరలో సెవిల్ నగరవాసి ఇబ్నుల్ అవ్వామ్ తన వ్యవసాయ గ్రంథంలో ధాన్యాన్ని, పండ్లను నిలవ చేసే పద్ధతులకు ప్రత్యేకంగా చోటు కల్పించాడు. పంట పండించడంతోనే రైతు పని ముగియదని ఆ గ్రంథకర్త అభిప్రాయం కావచ్చు.

రాజుల మంచు

ఇంతవరకు చెప్పినవి సామాన్యుల పద్ధతులు. రాజుల దారి వేరు. వారు కొండల మీది మంచును ఎడారులకు తెప్పించుకున్నారు. హి.శ. 160 (క్రీ.శ. 777)లో ఖలీఫా మహ్దీ హజ్‌కు వచ్చినప్పుడు ఆయన కోసం మక్కాకు మంచు చేరవేశారని, అలా మంచు తెప్పించుకున్న మొదటి ఖలీఫా ఆయనేనని తబరీ నమోదు చేశారు. తర్వాత మమ్లూక్ సుల్తానుల కాలంలో సిరియా కొండల మంచు కైరో కోటకు క్రమం తప్పక వచ్చేది. మొదట సముద్రమార్గాన నౌకల మీద, ఆ తర్వాత భూమార్గాన ఒంటెల మీద కూడా మజిలీ మజిలీకి మార్చుకుంటూ తెచ్చేవారు. ఈ ఏర్పాటును ప్రభుత్వ పాలనా వ్యవహారాలలో ఒకటిగా అల్ ఖల్‌ఖషందీ (మరణం 1418) వర్ణించాడు. అంటే తపాలా వ్యవస్థ వంటిదే మంచు వ్యవస్థ.

రాజుల దారికి, సామాన్యుల దారికి గల తేడాను చూపడానికి ఖ్వారజ్మ్ పుచ్చపండు మంచి ఉదాహరణ. మధ్యాసియాలోని ఆ ప్రాంతపు పండు రుచికి పేరుపొందినది. ఖలీఫా మామూన్‌కు, ఆ తర్వాత వాసిఖ్‌కు ఈ పండ్లను సీసపు పెట్టెలలో మంచు కూరి బగ్దాదుకు పంపేవారని, పాడుకాకుండా చేరిన ఒక్కొక్క పండు 700 దిర్హమ్‌ల ధర పలికేదని సఆలబీ రాశారు. ఐదు వందల ఏళ్ళ తర్వాత ఖ్వారజ్మ్ చేరిన ఇబ్ను బతూతా అదే పండును గురించి మరొక సంగతి చెప్పాడు. అక్కడివారు దానిని ముక్కలుగా కోసి, ఎండబెట్టి, బుట్టలకెత్తి హిందూస్థాన్‌కు, చైనాకు కూడా పంపేవారు. తాను ఢిల్లీలో ఉన్నప్పుడు వర్తకులు వస్తే ఆ వరుగులు కొనిపించుకునేవాడినని ఆయన రాశాడు. మంచులో కూర్చిన పండు ఒక ఖలీఫా పళ్ళెం దాకా వచ్చింది. ఎండలో ఎండిన పండు దానికంటె ఎక్కువ దూరం నడిచి, బజారులో ఎవరు కొంటే వారి చేతికి అందింది.

ఇరాన్ యఖ్‌చాల్, అక్బర్ సురేకారం

మంచును కొండల నుంచి మోసుకు రాకుండా ఎడారిలోనే తయారుచేసే విద్యను ఇరాన్ ప్రజలు సాధించారు. యఖ్‌చాల్ అంటే మంచుగొయ్యి. తూర్పు పడమరలుగా ఒక ఎత్తైన గోడ కట్టి, దాని నీడ పడే ఉత్తరం వైపున లోతులేని మడుగులు తవ్వేవారు. ఖనాత్ అనే భూగర్భ కాలువల నీటిని చలికాలపు రాత్రులలో ఆ మడుగులలోకి వదిలేవారు. ఎడారి ఆకాశంలో మబ్బులుండవు, గాలిలో తేమ తక్కువ. నీటిలోని వేడి ఆకాశంలోకి వెలువడి నీరు గడ్డకడుతుంది. గోడ నీడ వల్ల పగలు కూడా అది తొందరగా కరగదు. ఆ గడ్డలను పగలగొట్టి పక్కనే ఉన్న లోతైన గోతిలో ఎండుగడ్డి మధ్య పేర్చేవారు. గోతిపైన పచ్చి ఇటుకలతో శంకువు ఆకారంలో గుమ్మటం లేపేవారు. సున్నం, బంకమన్ను, ఇసుక, బూడిద, మేక వెంట్రుకలు, గుడ్డు తెల్లసొన కలిపిన సారూజ్ అనే గచ్చుతో గోడలకు పూత పూసేవారు. అడుగున కరిగిన నీరు బయటికి పోవడానికి కాలువ ఉండేది. మైబుద్, అబర్‌కూహ్, కిర్మాన్‌లలో ఇలాంటి గుమ్మటాలు నేటికీ ఉన్నాయి. మైబుద్‌లోని గుమ్మటం బిడారులు దిగే సరాయికి దగ్గరలోనే ఉంది.

ఇలా మంచు రాజప్రాసాదం దాటి బజారుకు వచ్చింది. నేటికీ ఇరాన్‌లో విద్యుత్ శీతల పేటికను యఖ్‌చాల్ అనే అంటారు. అరబ్బీలో దానికి సల్లాజా అని పేరు. మంచు అనే అర్థమిచ్చే సల్జ్ నుంచి వచ్చిన మాట అది. యంత్రం కొత్తదైనా పాత అనుభవమే దానికి పేరు పెట్టింది.

హిందూస్థాన్‌లో మంచు మైదానాలకు దూరం. అబుల్ ఫజ్ల్ రాసిన ఆయినె అక్బరీలో బాద్‌షా నీళ్ళ శాఖ అయిన ఆబ్‌దార్ ఖానా గురించి ఒక అధ్యాయం ఉంది. బిగించి మూసిన సీసాలో ఒక శేరు నీరు పోసి, రెండున్నర శేర్ల సురేకారం కలిపిన ఐదు శేర్ల నీటిలో దానిని కొంతసేపు తిప్పితే లోపలి నీరు చల్లబడుతుందని అందులో వివరించారు. సురేకారం నీటిలో కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. తుపాకి మందులో నిప్పు పుట్టించే పదార్థమే ఇక్కడ చల్లదనాన్ని పుట్టిస్తోందని అబుల్ ఫజ్ల్ ముచ్చటపడ్డాడు. 1586 నుంచి దర్బారు పంజాబులో ఉండగా ఉత్తరపు కొండల మంచు లాహోరుకు పడవలలో, బండ్లలో, మనుషుల భుజాలపై వచ్చేది. వర్తకులు రూపాయికి రెండు మూడు శేర్లు అమ్మేవారు. వేసవిలో అన్ని తరగతులవారు కొనేవారని, సంపన్నులు మాత్రం ఏడాది పొడవునా వాడేవారని ఆయన అన్నాడు. నాటి కూలివాని దినవేతనం కొద్దిపాటి దాములే. రూపాయికి 40 దాములు. కాబట్టి అన్ని తరగతులన్న మాటను కొంత తగ్గించి చదువుకోవలసి ఉంటుంది.

బజారు, ధర్మశాస్త్రం

నిలవ చేసే నేర్పుతో పాటు నిలవ సరుకును తాజా సరుకుగా అమ్మే మోసం కూడా పుట్టింది. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసి, లోపల తడి తగలగా వర్తకుడిని ప్రశ్నించారు. వానకు తడిసిందని అతడు చెప్పాడు. తడిసిన దానిని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగి, మోసగాడు తమలోని వాడు కాడని హెచ్చరించారు. తర్వాతి శతాబ్దాలలో బజారు తనిఖీ చేసే ముహ్‌తసిబ్ పదవికి ఈ సంఘటన ఒక పునాది అయింది. 12వ శతాబ్దిలో సిరియాకు చెందిన షైజరీ ముహ్‌తసిబ్‌ల కోసం రాసిన గ్రంథంలో, చేపలు అమ్మేవారు తమ బుట్టలను, పళ్ళేలను ప్రతిరోజు కడిగి ఉప్పు చల్లాలని, కసాయివాడు అంగడి కట్టేసేటప్పుడు మాంసం కొట్టే మొద్దుపై దంచిన ఉప్పు చల్లి వెళ్ళాలని నియమాలున్నాయి. సూక్ష్మజీవులంటే ఏమిటో లోకానికి తెలియడానికి ఆరేడు వందల ఏళ్ళ ముందే ఈ జాగ్రత్తలు ప్రభుత్వ నిబంధనలుగా ఉన్నాయి.

నిలిచే పంట, నిలవని పంట అన్న భేదం ధర్మశాస్త్రంలోకి కూడా ప్రవేశించింది. భూమి పండించే వాటన్నిటి మీద, ఆకుకూరలతో సహా, ఉష్‌ర్ చెల్లించాలని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. ఆయన శిష్యులైన అబూ యూసుఫ్, ముహమ్మద్ మాత్రం నిలవ ఉండే పంటపైనే, అది ఐదు వసఖ్‌లకు చేరితేనే ఉష్‌ర్ ఉంటుందన్నారు. ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ మనిషి ఆహారంగా తినేది, దాచుకోదగినది అయిన పంటకే దానిని పరిమితం చేశారు. రేపటికి వాడిపోయే కూరలు పండించేవాడికి, గాదెలో ఏడాది దాచగల ధాన్యం పండించేవాడికి మధ్య గల తేడాను ఈ ఇమాములు గుర్తించారు.

ఇక అసలు ప్రశ్న దాచుకోవడానికి, దాచిపెట్టడానికి మధ్య గీత ఎక్కడ అన్నది. దైవప్రవక్త (స) తన కుటుంబానికి ఏడాది గ్రాసాన్ని నిలవ ఉంచేవారని హజ్రత్ ఉమర్ (రజి) తెలిపారు. కాబట్టి ఇంటి అవసరానికి దాచుకోవడం దైవంపై నమ్మకానికి విరుద్ధం కాదు. కాని ధర పెరగాలని ఆహారాన్ని బిగపట్టడం ఇహ్‌తికార్. అలా చేసేవాడు పాపాత్ముడని ఆయనే అన్నారు. మనుషుల, పశువుల ఆహారంలోనే ఇహ్‌తికార్ ఉంటుందని ఇమామ్ అబూ హనీఫా అంటే, బిగపడితే ప్రజలకు హాని కలిగించే ఏ వస్తువైనా అందులోకి వస్తుందని ఇమామ్ అబూ యూసుఫ్ అన్నారు. రెండు చోట్లా గాదె ఒకటే, గింజ ఒకటే, నిలవ చేసిన నేర్పు ఒకటే. దాచినవాడి ఉద్దేశం, బయట నిలబడిన వాడి ఆకలి మాత్రమే తీర్పును మారుస్తాయి.

మన కాలంలో

ఈ పాత విద్యలు పూర్తిగా గతించిపోలేదు. ఉత్తర నైజీరియాలో కుమ్మరి కుటుంబానికి చెందిన ఉపాధ్యాయుడు ముహమ్మద్ బాహ్ అబ్బా 1995లో ఒక పెద్ద కుండలో చిన్న కుండ ఉంచి, రెండింటి మధ్య ఇసుక నింపి, దానిని నీటితో తడిపి, పైన తడిగుడ్డ కప్పే పద్ధతిని పల్లెలలో ప్రచారం చేశాడు. మూడు రోజులలో వాడిపోయే వంకాయలు అందులో 27 రోజులు నిలిచాయి. ఏ రోజు కాయలు ఆ రోజే అమ్మి తీరవలసిన ఒత్తిడి రైతు కుటుంబాలకు తగ్గింది. కాయలు నెత్తిన పెట్టుకుని వీథుల వెంట తిరిగే ఆడపిల్లలు బడికి పోయే వీలు కలిగిందని కూడా చెప్పారు. 2000లో ఆయనకు రోలెక్స్ సంస్థ అంతర్జాతీయ పురస్కారం లభించింది. 2010లో ఆయన కన్నుమూశారు. ఈ జోడు కుండ కూరలకు, పండ్లకు పనికివస్తుంది. పచ్చి మాంసానికి, పాలకు కావలసినంత చల్లదనాన్ని మాత్రం ఇవ్వలేదు.

మదీనా ప్రశ్న మీనాలో మరొక రూపంలో తిరిగి వచ్చింది. విమానాల కాలంలో హాజీల సంఖ్య లక్షలకు పెరిగాక ఖుర్బానీ మాంసం అక్కడికక్కడే తినడానికి, పంచడానికి వీలులేనంత అయింది. ఎంతో మాంసం ఎండలో చెడిపోయి గోతులలో పూడ్చవలసి వచ్చేది. 1983లో సౌదీ ప్రభుత్వం, ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు కలిసి ఒక పథకం ఆరంభించాయి. దాని ద్వారా ఆ మాంసాన్ని శుభ్రపరచి, గడ్డకట్టించి, హరమ్ ప్రాంతపు పేదలకు, ఇతర దేశాలలోని పేదలకు చేరవేస్తున్నారు. ఆనాడు పేదలు మదీనా గుమ్మానికి వచ్చారు కనుక మాంసం దాచవద్దన్నారు. ఈనాడు పేదలు వేల మైళ్ళ దూరాన ఉన్నారు కనుక వారిని చేరేదాకా దాచవలసి వచ్చింది. చేసే పని తలకిందులైనా లక్ష్యం అదే.

ప్రపంచంలో మనుషుల కోసం తయారయ్యే ఆహారంలో మూడో వంతు దాకా వృథా అవుతోందని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2011లో అంచనా వేసింది. పేద దేశాలలో అది పొలానికి, బజారుకు మధ్య నిలవ సౌకర్యాలు చాలక ఎక్కువగా పోతోంది. ధనిక దేశాలలో శీతల పేటికలు నిండుగా ఉన్నా, కొన్నవారి ఇళ్ళలోనే చాలా భాగం చెత్తబుట్ట పాలవుతోంది. నిలవ చేసే సాధనం లేకపోవడం ఒక లోపం. సాధనం ఉండి కూడా ఎవరికోసం దాస్తున్నామో మరచిపోవడం మరొక లోపం. మొదటి లోపాన్ని తీర్చడానికి మన పూర్వులు ఎండను, ఉప్పును, మట్టిని, రాత్రి ఆకాశాన్ని కూడా పనిలో పెట్టారు. రెండవ లోపాన్ని తీర్చడానికి మదీనాలో ఒక ఏడాది మూడు రోజుల గడువు సరిపోయింది.